చీమలు పట్టని కుప్ప

స్వామిని ఒక్కసారి తలుచుకుని, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి తల్లులారా. ఇది ఒక గువ్వ కథ.

ఒక అడవిలో పందికొక్కు గింజలు అమ్మేది. పురుగుమందు కొట్టిన పొలాల గింజలు కూడా అక్కడికి వస్తుండేవి. అందుకని నెమలి ప్రతి కుప్పా రుచి చూసి, మందు లేనిదాని మీద తన ఈక గుచ్చేది. సుబ్రహ్మణ్యస్వామి వాహనం కదా, అందరికీ గురి. రానురాను నెమలికి ఒళ్లు బరువెక్కింది. ఈకలన్నీ కట్టగట్టి, "నువ్వే గుచ్చుకోవోయ్" అని పందికొక్కు చేతికిచ్చేసింది.

ఒకనాడు గువ్వ వచ్చింది.

"మామా, పసిపిల్లలున్నారు. మందు తగిలితే తట్టుకోలేరు."

"ఈక కనబడ్డంలేదుటే అమ్మాయ్? స్వామివారి వాహనాన్నే అనుమానిస్తే కళ్లు పోతాయి!"

గువ్వ గబగబా లెంపలేసుకుంది. చీమల బారు ఆ కుప్ప దాకా వచ్చి, చుట్టు తిరిగి పోతోంది.

"అబ్బ, ఎంత శుభ్రం! చీమైనా పట్టలేదు" అని మురిసిపోయింది.

తానొక్క గింజా మింగకుండా అన్నీ పిల్లలకే పెట్టింది. పొద్దుగూకేసరికి ఇద్దరి మెడలూ వాలిపోయాయి.

గువ్వ నెమలి దగ్గరికి పరుగెత్తింది. "మీ ఈక చూసే పెట్టాను స్వామీ!"

"ఆ కుప్ప నేను చూడలేదమ్మా" అంది నెమలి, తల దించుకుని.

గువ్వ తిరిగొచ్చి గూటి అంచున కూలబడింది. చీమల బారు చెట్టెక్కి గూటిదాకా వచ్చింది. పిల్లల దగ్గర ఒక్క క్షణం ఆగి, చుట్టు తిరిగి వెళ్లిపోయింది.