వేళాకోళం వరస

మంత్రిగారి గదిలో ఫ్యాన్ ఆగిపోయి అది మూడో రోజు. విదేశాంగ కార్యదర్శి షోంగా మెడ మీద చెమట తుడుచుకుని, చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

"మన మొక్కజొన్న న్షిమా ముద్ద తిన్న మనిషిని పట్టి ఇవ్వడం మన ఇంటా వంటా లేదండీ. మన విదేశాంగ విధానంలో మొదటి వాక్యమే అది. స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన రోజుల్లో మనల్ని తమ ఇళ్ళల్లో దాచింది ఎవరు? పొరుగువాళ్ళు కాదూ?"

"ఆ వాక్యం రాసింది నువ్వేగా. బాగా రాశావు," అన్నాడు మంత్రి. ఆయన కళ్ళు కూడా నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. "కానీ విలువలతో బల్బు వెలగదు షోంగా. డ్యామ్ ఆ పొరుగుదేశం వాళ్ళది. ఆ మనిషిని ఇచ్చేదాకా అని కరెంటు ఆపేశారు. పెద్దాసుపత్రిలో పురిటి బిడ్డలు పోతున్నారు. ఆ తల్లులకి నీ వాక్యం చదివి వినిపిస్తావా?"

షోంగా ముందున్న ఫైలు మూసేశాడు.

"రేపు తెల్లారగానే పోలీసులు వెళ్తారు. ఈ సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. పొక్కితే చెప్పిందెవరో వెతుక్కోనక్కర్లేదు. దేశద్రోహానికి ఏం శిక్షో నీకు తెలుసుగా."

వాళ్ళు అడుగుతున్న మనిషి పేరు కపంబ్వే. పొరుగుదేశంలో మాయమైపోయిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే రేడియోలో చదివాడు. ఐదో రోజున తన పేరే ఆ జాబితాలోకి ఎక్కబోతోందని తెలిసి, రెండేళ్ళ కిందట పెళ్ళాం పిల్లలతో సరిహద్దు దాటి వచ్చాడు.

అతను బెంబా తెగవాడు. షోంగా అంగోనీ తెగవాడు. అంటే పుట్టుకతోనే వేళాకోళం వరస. ఎలుకలు తినేవాడివని బెంబావాడు అంగోనీవాణ్ణి అంటాడు, కోతులు తినేవాడివని అంగోనీవాడు బెంబావాణ్ణి అంటాడు. చావింట్లో శవం పక్కన కూడా ఆ పరాచికాలు ఆగవు. ఎంత మాటన్నా ఎవరూ పట్టించుకోరు.

సాయంత్రం షోంగా ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని తనే బండి తోలుకుంటూ వెళ్ళాడు. జెండా ఉన్న సర్కారు బండిని ఏ సరిహద్దులోనూ ఆపరు. కపంబ్వేని ఎక్కించుకుంటే తెల్లారేలోగా పడమటి దేశంలో ఉండొచ్చు.

కపంబ్వే గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. కాపలా కానిస్టేబుల్ వరండాలో వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు. పరాయివాడి ముందు నిజం చెప్పడానికి షోంగాకి వేళాకోళం కన్నా వేరే దారి కనపడలేదు.

"బావా, నిన్ను అమ్మేశాం. పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తారు. లే, బండెక్కు."

కపంబ్వే పగలబడి నవ్వాడు. "ఏమేవ్ బ్వాల్యా, మీ అన్నయ్య నన్ను అమ్మేశాడట. ఎలుకల కోసమే అమ్మి ఉంటాడు. తూకం సరిగ్గా చూసుకున్నావా బావా?"

అతని పెళ్ళాం బ్వాల్యా నవ్వింది. ఆడపిల్లలిద్దరూ నవ్వారు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

"కోతి మాంసం తిని తిని నీ బుర్ర మొద్దుబారింది. నిజం చెబుతున్నా."

"అంగోనీవాడు నిజం చెబుతున్నాడే. వానొస్తుంది, ఆరేసిన బట్టలు తియ్యండి."

షోంగా ఇక ఓర్చుకోలేకపోయాడు. బావా అని కాకుండా పేరు పెట్టి పిలిచాడు. అతని చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు కారిపోయాయి.

"కపంబ్వే, మా అమ్మ మీద ఒట్టు. వాళ్ళు నిన్ను బతకనివ్వరు. నా మాట విను."

కానిస్టేబుల్ వలవడం ఆపి తలెత్తాడు.

కపంబ్వే లేచి చప్పట్లు కొట్టాడు. "ఆ ఏడుపు చూశారా? పోయినేడు వీధి చివర ముసలాయన పోయినప్పుడు అచ్చం ఇలాగే ఏడ్చాడు. మేమంతా ఓదారుస్తుంటే, శవం మీది దుప్పటి నాకిచ్చెయ్యమన్నాడు."

ఇల్లంతా గొల్లుమంది. కానిస్టేబుల్ తొడలు చరుచుకుని నవ్వాడు. కపంబ్వే అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఈసారి వచ్చినప్పుడు నీకు ఎలుకలు నేనే వండి పెడతా," అంటూ బండి దాకా వచ్చి సాగనంపాడు.

షోంగా వీధి మలుపులో బండి ఆపి, ఆ పాడు వరస పెట్టిన పెద్దలందర్నీ నోరారా తిట్టుకున్నాడు.

తెల్లారి పోలీసులు వచ్చారు. మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. వారం తిరక్కుండా, కపంబ్వేని ఉరి తీశామని అవతలి రేడియో చెప్పింది.

చావింటికి వెళ్ళిన వేళాకోళం బావ నవ్వించాలి. షోంగా వల్ల కాలేదు. కానిస్టేబుల్ లేని ఆ ఇంట్లో, వెలుగుతున్న బల్బు కింద, నేల మీద చతికిలబడ్డాడు.

"ఏడ్చి మరీ చెప్పానే తల్లీ. ఒక్కరైనా నమ్మలేదే," అన్నాడు.

బ్వాల్యా వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"రేపట్నుంచి మీ దేశానికి కరెంటు ఇస్తామని నువ్వొచ్చిన రోజు మధ్యాహ్నమే మా దేశంవాళ్ళు రేడియోలో చెప్పారు అన్నయ్యా," అంది. "'బావ ఆగలేడు, వచ్చి చెప్పేస్తాడు, కానిస్టేబుల్ నమ్మాడంటే బావ మెడకి ఉరి పడుతుంది, వాడు ఏమన్నా ఎంత ఏడ్చినా పగలబడి నవ్వండి' అని నా చేతా పిల్లల చేతా ఒట్టు వేయించుకుని, నీ కోసం గుమ్మంలో కూర్చున్నాడు."