తేనె జావ

"ఇక చాలవ్వా, పక్కకి తప్పుకో. సున్నం గట్టిపడిపోతోంది" అన్నాడు కొత్తగా వచ్చిన చర్చి గురువు రొగాతు.

అరిషాత్ అవ్వ కదల్లేదు. ఒక చేతిలో తేనె జావ కుండ, ఇంకో చేతిలో ద్రాక్షారసం ముంత. ముందు బిషప్ ఇద్దిబాల్ సమాధి. దాని రాతిపలకలో చిన్న రంధ్రం. పోయినవాళ్ళకు ఏటా అందులోంచి తిండి పోయడం ఆ ఊరి ఆనవాయితీ. అది విగ్రహాలకు మొక్కేవాళ్ళ అలవాటని, ఇక మానెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రంధ్రం మూయడానికి తాపీమేస్త్రీ సిద్ధంగా కూర్చున్నాడు.

"ఈ ఒక్కసారికి పొయ్యనియ్యి బాబూ. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు."

పండగకొచ్చిన జనం చుట్టూ మూగారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈ బిషప్ గారి మహిమ కూడా ఏటేటా పెరుగుతూనే ఉంది. ఆయన సమాధి దగ్గరి దీపం నూనె రాస్తే పక్షవాతం పోతుందని సముద్రం అవతల కూడా చెప్పుకుంటారు. అందరూ అప్పుడే గుడిలో ఆయన చరిత్ర విని వచ్చారు. పవిత్ర గ్రంథాలు అప్పగించనన్నందుకు రోమా సైనికులు ఆయన్ని ఒక పశువుల దొంగతో కలిపి ఒకే మంటలో కాల్చారు. దొంగ శవం కుక్కల పాలయింది. ఆ మాట చదివినప్పుడల్లా జనం తుపుక్కున ఉమ్ముతారు. అదీ ఆనవాయితీయే.

"జన్మంతా రొట్టే ఉప్పూ తిని బతికిన మనిషాయన" అని విసుక్కున్నాడు రొగాతు. "ఆయనకి తేనె జావేమిటవ్వా?"

"ఎవరికేది ఇష్టమో వండిపెట్టినదానికి తెలీదా?"

జనంలో ఒక ముసలాయన కిసుక్కున నవ్వాడు. "పొయ్యనివ్వండి గురువుగారూ. ఇరవై ఏళ్ళు బిషప్ అయ్యగారింట్లో వంట చేసింది. తమరు నిన్నగాక మొన్న వచ్చారు."

రొగాతు మెత్తబడ్డాడు. "సరే కానియ్యి. ఇదే ఆఖరు."

అవ్వ మోకాళ్ళ మీద కూలబడి, జావంతా మెల్లగా లోపలికి ఒంపింది. చివరి చుక్క జారాక కూడా కుండ వంచే ఉంచింది. మేస్త్రీ ఆమె చెయ్యి తప్పించి తాపీ ఎత్తాడు. రంధ్రం మూసుకుపోతుంటే ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇక ఆకలేస్తే ఎవరు పెడతారు?" అంది తనలో తనే.

ఒక చంటిపిల్లల తల్లి దగ్గరికొచ్చి అవ్వ చెయ్యి ముద్దు పెట్టుకుంది. "ఏడవకవ్వా. నువ్వు లేకపోతే మాకీ సమాధే లేదు. బొగ్గయిపోయిన ఇద్దరిలో అయ్యగారెవరో నువ్వొక్కదానివే గుర్తుపట్టావటగా."

అవ్వ తలూపింది.

పాతిపెట్టుకోవడానికి బిషప్ శవం ఒక్కటే ఇస్తామని ఆనాడు సైనికులు అన్నప్పుడు, సంఘపెద్దలు ఆమెను పిలిచి "ఈ ఇద్దరిలో అయ్యగారెవరు?" అని అడిగినప్పుడు, ఆమె అయ్యగారిని కుక్కలకు వదిలేసి తన కొడుకును చూపించింది.