కాలు వస్తోందా అమ్మా?

సైకిలు వీధి మలుపు తిరగకముందే దాని కిర్రు ఇంటికి చేరేది.

"అక్కా, నీకు బెల్లు ఎందుకే? రెండు వీధుల అవతలి నుంచే తెలిసిపోతోంది, వస్తున్నావని" అన్నాడు తమ్ముడు.

"వెక్కిరించింది చాలు. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు."

అది పందేల సైకిలు. బూటు అడుగున బిగించిన కొక్కెం పెడల్లో టక్కున ఇరుక్కుంటుంది. మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది. తొక్కిన ప్రతిసారీ ఆ కొక్కెం దగ్గరే కిర్రు.

తమ్ముడు పెడల్ మీది మరను బాగా బిగించాడు.

"వదులుంటేనే చప్పుడు. ఇక నోరెత్తదు చూడు."

కిర్రు పోలేదు. పైగా, ఆగినప్పుడల్లా కాలు విడిపించుకోవడానికి పెనుగులాడవలసి వచ్చేది.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. దారిలో పెద్ద సిగ్నల్. అక్కడి బస్టాపు బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. ఏ బస్సూ ఎక్కేవాడు కాదు. అప్పుడప్పుడు సిగ్నల్ స్తంభానికి కట్టిన సీసాలో పూలు మారుస్తూ కనిపించేవాడు.

ఒక ఉదయం ఆమె ఆగబోయి తూలింది. స్తంభం పట్టుకుని నిలదొక్కుకుంది.

పెద్దాయన లేచి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"కాలు వస్తోందా అమ్మా?"

"ఏంటండీ?"

"పెడల్లోంచి. అనుకోగానే వస్తోందా?"

"వస్తోంది."

"కిర్రుమంటోందిగా. కొక్కెం ఎండిపోయి ఉంటుంది. ఒక్క నిమిషం ఆగితే..."

"నా కాలు సంగతి మీకెందుకండీ?"

పచ్చ లైటు పడింది. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అదే.

ఆమె అతని వైపు చూడకుండా ఉండటం నేర్చుకుంది. చూడకూడదనుకున్నది ఎదురుగా ఉన్నా మనిషికి కనబడదు. రోజంతా అక్షరాల వరసలు చూపించి "ఇప్పుడు కనిపిస్తోందా?" అని అడిగే మనిషికైనా అంతే.

ఒక మధ్యాహ్నం దుకాణం అద్దంలోంచి బయటికి చూసింది. గోడకు ఆనించిన తన సైకిలు పక్కన ఆ పెద్దాయన మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో చిన్న పానా.

ఆమె పరుగెత్తుకొచ్చేసరికి పక్క దుకాణం వాచ్‌మన్ అతని కాలరు పట్టుకుని లేపాడు.

"ఏం పీకుతున్నావ్ తాతా, పట్టపగలు?"

"పీకలేదు బాబూ. నూనె వేశాను. మర కాస్త వదులు చేశాను. అంతే."

"ఎవరడిగారు నిన్ను?" అంది ఆమె.

అంత వయసు మనిషిని నువ్వు అనడం ఆమెకు అలవాటు లేదు. ఆ మాట తన గొంతులోంచే వచ్చిందని నమ్మడానికి ఒక క్షణం పట్టింది.

"ఎవరూ అడగలేదమ్మా."

వాచ్‌మన్ అతని చెంప మీద కొట్టాడు.

పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టుకోలేదు. చాలాకాలంగా రావలసింది ఇప్పటికి వచ్చినట్టు తల వంచుకున్నాడు. దెబ్బ కన్నా అదే ఆమెకు భయం పుట్టించింది. "వద్దు" అనే మాట నోటిదాకా వచ్చింది. నోటిదాకానే వచ్చింది.

"ఒకసారి కాలు పెట్టి తీసి చూసుకోమ్మా" అని అతను వెళ్లిపోయాడు.

గోడ పక్కన ఉండిపోయిన నూనె సీసాను ఆమె తీసి దుకాణంలో పెట్టింది.

ఆ సాయంత్రం సైకిలు చప్పుడు చెయ్యలేదు. ఆమె వచ్చిందని తెలియక తమ్ముడు తలుపు తియ్యలేదు.

"ఎవరో వదులు చేశారే దీన్ని. ఉండు, బిగిస్తాను" అన్నాడు తర్వాత.

"రేపు చూద్దాంలే."

మర్నాడు సిగ్నల్ దగ్గర ఒక బస్సు ఆమెను దాదాపు ఒరుసుకుంటూ వచ్చింది. ఆమె బ్రేకు నొక్కింది. సైకిలు బస్సు చక్రాల వైపు ఒరిగింది.

ఆమె ఏదీ అనుకోకముందే కాలు పెడల్లోంచి ఊడివచ్చి నేల మీద ఆనింది.

బస్సు వెళ్లిపోయింది. ఆమె కళ్లు బెంచీని వెతికాయి.

ఖాళీ.

ఆ తర్వాతి రోజుల్లోనూ ఖాళీయే. స్తంభం దగ్గరి పూలు ఎండి రాలిపోయాయి. రాలిపోయాక, వాటి వెనక అంతకాలమూ ఉన్నది ఆమెకు కనిపించింది. హెల్మెట్ పెట్టుకుని, సైకిలు పక్కన నిలబడి నవ్వుతున్న ఒక యువకుడి ఫోటో.

అంతా అర్థమైందనుకుంది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి.

ఆ రోజు నుంచి నూనె సీసాను సంచిలో పెట్టుకుని తిరిగింది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. అందుకని ఒక్క మాట కూడగట్టుకుంది. "కాలు వస్తోందండీ." అది చాలు, ఆయనకు అర్థమవుతుంది.

ఒక ఉదయం స్తంభం దగ్గర ఎవరో కొత్త పూలు పెడుతున్నారు. పెద్దాయన కాదు. చెంపలు నెరిసిన వేరే మనిషి.

"ఇక్కడ ఒక పెద్దాయన కూర్చునేవారండీ. రావడం లేదా?"

"పోయారమ్మా. పోయిన వారం, నిద్రలోనే."

సంచిలోకి వెళ్లిన ఆమె చెయ్యి సీసాను పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"కొడుకు పక్కకే వెళ్లారనుకోవాలి" అంది చివరికి, ఫోటో వైపు చూస్తూ.

అతను తల తిప్పాడు.

"వీడు నా కొడుకమ్మా. ఎర్ర లైటు పడితే ఆగాడు. పెడల్లోంచి కాలు రాలేదు. పక్కనే ఆగబోతున్న లారీ కిందికి ఒరిగిపోయాడు. కోర్టు ఎవరి తప్పూ లేదంది."

"మరి ఆయన మీకు ఏమవుతారు?"

అతను ఏ వరసా దొరకనట్టు, సీసాలో పూలను మళ్లీ సర్దాడు.

"ఏమీ కారమ్మా. ఆ లారీ నడిపింది ఆయనే."