నీళ్ళ పొదుపు

వాషింగ్ మెషిన్ గుమ్మం దాటదని లచ్చమ్మ పొద్దుటి నుంచి అంటూనే ఉంది. దాన్ని ఇంట్లోంచి తీసేయాలని కొడుకు తిరుమల్ నిన్న ఎత్తిన మాట టిఫిన్ వేళకూ తెగలేదు.

"మంచిగ పని చేస్తవని కంపెనీ ఇచ్చింది. ఫంక్షన్ చేసి, శాలువ కప్పి ఇచ్చిండ్రు. ఇయ్యాల పాతసామాన్లోనికి ఇస్తవా?"

తిరుమల్ ప్లేటులో ఉప్మా కెలుకుతున్నాడు. ఈ ఒక్క విషయంలో అతని భార్య భవాని కూడా అత్త పక్షమే.

"డాక్టరు మెషిన్ తీసెయ్యమన్నడా? నీ బట్టలు వేరే ఉతకమన్నడు. గంతే."

గోడ పక్కన చాప మీద నీహారిక ముడుచుకుని పడుకుంది. ఐదేళ్ళ పిల్ల. ఒకప్పుడు తండ్రి డ్యూటీ నుంచి రాగానే పరుగెత్తుకెళ్ళి మోకాళ్ళు చుట్టేసుకునేది. ఇప్పుడు ఎప్పుడూ కడుపు నొప్పే. నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే మరిచిపోతోంది. రక్త పరీక్షలో సీసం ఉందని తేలింది. మందులు వాడినా, పోయిన చురుకు పూర్తిగా తిరిగొస్తుందని చెప్పలేనన్నాడు డాక్టరు.

సీసం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు. తిరుమల్ పనిచేసేది బ్యాటరీల కంపెనీలో. అక్కడి సీసం ధూళి యూనిఫారం నిండా ఉంటుంది. ఇదివరకు యూనిఫారం కంపెనీ గేటు దాటేది కాదు. అక్కడే విప్పేవారు, అక్కడి లాండ్రీలోనే ఉతికేవారు. తర్వాత కంపెనీ నీళ్ళ పొదుపు మొదలుపెట్టింది. మార్పు ఉద్యోగులతోనే వస్తుందని గోడల నిండా బోర్డులు పెట్టింది. లాండ్రీ మూసేసింది. మనిషికో సబ్బుపొడి ప్యాకెట్ ఇచ్చి, ఇంట్లో ఉతుక్కోమంది. ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు మిగిల్చిందో చెప్పుకుని అవార్డు కూడా తెచ్చుకుంది.

భవాని ఆ యూనిఫారాన్ని నీహారిక గౌన్లతో కలిపి మెషిన్లో వేసేది. ఎండాకాలం వస్తే వాళ్ళుండే పద్మారావు నగర్‌లోనూ నీళ్ళు ట్యాంకరువే మరి.

"ఆ లాండ్రీ బంద్ పెట్టిచ్చినోడు ఎవడో గాని, ఏసీ రూముల కూసొని చెప్పి ఉంటడు," అంది భవాని. "వాని పిల్లలకు గిట్లయితే తెలుస్తుండె."

తిరుమల్ ప్లేటు పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

అతనితో పనిచేసే ప్రభుదాస్ కొడుక్కీ ఇలాగే ఉందట. ప్రభుదాస్, ఇంకొందరు పని మానేసి, లాండ్రీ తెరవాలని గేటు ముందు కూర్చుంటున్నారు. తిరుమల్ మాత్రం తల వంచుకుని వాళ్ళని దాటి లోపలికి పోతున్నాడు. ఉద్యోగం పోతుందని భయమేమోనని మొదట భవాని సర్దుకుంది. ఇప్పుడు సర్దుకోలేకపోతోంది.

"ప్రభుదాస్ అన్న పెండ్లాం అడుగుతుంది, మీ ఆయన ఎందుకు కూసోడని. ఏం చెప్పాలె? కంపెనీ మెషిన్ ఇచ్చింది, విశ్వాసం చూపిస్తుండని చెప్పనా?"



నీహారిక చాప మీద నుంచి నాన్న వైపు చేతులు చాచింది. అతను యూనిఫారంలో ఉన్నాడు. పిల్లను ముట్టుకోకుండా వెనక్కి జరిగి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. మామూలు చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. యూనిఫారం ప్లాస్టిక్ కవర్లో కట్టి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా. భవానీ." అతని గొంతు నెమ్మదిగా ఉంది. "ఇయ్యాల డ్యూటీకి పోతలేను. గేటు కాడ కూసుంట. ట్రాలీ ఆటోను రమ్మన్న, మెషిన్ సుత ఆడికే తీస్కపోత. లాండ్రీ బంద్ పెడితే నీళ్ళు మిగుల్తయని చీటీ రాసి కంపెనీ సలహాల డబ్బాల ఏసింది నేనే, గా సలహాకే నాకు ఈ మెషిన్ ఇచ్చిండ్రు."