పద్నాలుగు మెట్లు

"చీమ కుట్టినట్టు కూడా ఉండదంటే వినవేంటమ్మా! వారం నుంచి ఒక్క సంతకం కోసం ఇల్లంతా నీ చుట్టూ తిరుగుతోంది" అన్నాడు కొడుకు, ఆస్పత్రి కాగితాన్ని మళ్ళీ తల్లి ముందుకు తోస్తూ.

తల్లి తలెత్తకుండా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "కుట్టేది నన్ను కాదుగా" అంది.

"మరి నీకెందుకు భయం?" అంది కూతురు. అన్న వైపు తిరిగి, "నువ్వే పెట్టొచ్చుగా అన్నయ్యా?" అంది.

"నేను పెడతానంటే నాన్న ఒప్పుకోడే. 'మీ అమ్మ సంతకం లేందే మంచం దిగను' అంటాడు."

పై గదిలో కర్రతో నేలమీద కొట్టిన చప్పుడయింది. ఒక దెబ్బంటే నీళ్ళు, రెండంటే అన్నం. రెండు పడ్డాయి. కోడలు లేచి కంచంలో అన్నం పెట్టుకుని మెట్లెక్కింది. పద్నాలుగు మెట్లు. ఆ మెట్లకి పైన తండ్రి, కింద తల్లి. మోకాలు పాడయ్యాక ఆవిడ ఎక్కలేదు. కాళ్ళకి రక్తం సరిగా అందక ఆరు నెలలుగా ఆయన దిగలేదు. పది అడుగులేస్తే పిక్క రాయిలా పట్టేస్తుంది. ఇప్పుడు కుడికాలి చిటికెనవేలు నేరేడుపండులా నల్లబడింది. ఈ శుక్రవారం దాటితే వేలు పోతుందని, ఆ తర్వాత కాలికి తాను పూచీ పడలేనని డాక్టరు తేల్చేశాడు.

"ఇంకోసారి చెప్తా విను" అని కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గజ్జల్లో సూదంత బెజ్జం పెడతారు. అందులోంచి సన్న తీగ పంపించి, మూసుకుపోయిన నాళంలో చిన్న బుడగ ఊదుతారు. దారి తెరుచుకుంటుంది. కోత లేదు, కుట్లు లేవు. మర్నాడే ఇంటికొచ్చేస్తాడు. నీ మోకాలికీ అలాంటి తీగతోనే చేస్తానన్నాడుగా ఆ డాక్టరు! వాపు దగ్గర పుట్టుకొచ్చిన పిచ్చి నాళాల్ని మూసేస్తారు. మెల్లగా నొప్పి తగ్గిపోతుంది."

"ఆయనకి తెరుస్తారు, నాకు మూస్తారు" అంది తల్లి. "బాగుంది. మా కాపురంలాగే ఉంది."

పిల్లలిద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"చేయించాక నడుస్తారా?"

"నడుస్తాడు."

"మెట్లు దిగుతారా?"

"దిగడమేంటి, చకచకా వచ్చి నీ ఎదురుగా కూచుంటాడు. నిన్నా ఇదే అడిగావు, మొన్నా ఇదే అడిగావు." కూతురి గొంతు మెత్తబడింది. "పాపం, అమ్మకి ఎంత బెంగగా ఉందో చూడన్నయ్యా."

కొడుకు నిట్టూర్చాడు. "ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన కాలమ్మా అది. ఒక్క యాక్సిడెంట్ లేదు. కుక్కపిల్ల అడ్డమొచ్చినా ఆగేవాడని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నువ్వు మెట్ల మీద జారిపడ్డ రోజు నిన్ను ఎత్తుకుని రిక్షా దాకా ఆ కాళ్ళతోనే పరుగెత్తాడు. ఆ కాలు తీసేయాల్సొస్తే మన మొహాలు ఎక్కడ పెట్టుకుంటాం?"

"తీసేయకూడదు" అంది తల్లి. "మనిషి కాలు కుళ్ళిపోతుంటే చూస్తూ కూచోకూడదు." ఆ మాట తనకి తనే చెప్పుకున్నట్టుంది.

కోడలు ఖాళీ చేతులతో దిగి వచ్చింది. నవ్వుతోంది. "సంతకం అయిందా అని అడుగుతున్నారు మామయ్యగారు. ఇంకా లేదన్నాను. 'కాలు బాగవనీ, కిందికొచ్చి దాని సంగతి నేనే చూసుకుంటా' అన్నారత్తయ్యా."

"అబ్బో! ముసలాయనకి ప్రేమ ముంచుకొస్తోందే!" అంది కూతురు.

అందరూ మళ్ళీ నవ్వుతుండగానే పైనుంచి కర్ర చప్పుడు. ఒకటి. రెండు. మూడు.

"మూడా?" కోడలు పైకి చూసింది. "మూడెప్పుడూ కొట్టలేదే. మూడంటే ఏంటత్తయ్యా?"

"నన్ను రమ్మని" అంది ఆవిడ. చేయి తనంతట తనే మోకాలి మీదికి వెళ్ళింది. "మీరెవరూ ఇంట్లో లేనప్పుడు కొడతారు, నేను ఎక్కలేనని తెలిసినా. ఇవాళ మీరున్నా కొట్టారు."

చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. కలం తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా సంతకం పెట్టింది. కొడుకు ఆ కాగితం లాక్కున్నంత పని చేశాడు.

"హమ్మయ్య! శుక్రవారం నాన్నకి చేయించేద్దాం. నీది నెమ్మదిగా వచ్చే నెల్లో..."

"నాది బుధవారం."

"ఎల్లుండా? అంత తొందరేముందమ్మా? ముందు నాన్న లేచి తిరగనీ..."

"బుధవారం నాది. అట్నుంచి అటే మా అక్క ఇంటికి వెళ్తాను. నొప్పి తగ్గినా అక్కడే, తగ్గకపోయినా అక్కడే. శుక్రవారం ఆయనది చేయించండి. బాగా చేయించండి." గొంతు పెంచలేదు. ముగ్గుర్నీ పేరుపేరునా పిలిచినట్టు చూసింది. "ఆయన ఆ మెట్లు దిగే రోజుకి నేనీ ఇంట్లో ఉండకూడదు."

"అదేం మాటమ్మా?" కొడుకు బిత్తరపోయాడు. "ఎందుకు?"

పైన మళ్ళీ మూడు దెబ్బలు పడ్డాయి. అవి ఆగేదాకా ఆగి, ఆవిడ అంది:

"ఆ రోజు మెట్ల మీద నేను జారిపడలేదురా."