మైనం చుక్క

టప్‌మని మైనం చుక్క పడింది. పడకూడని చోట, పెళ్లికూతురి కోసం మైనంతో బొమ్మలు గీస్తున్న బాటిక్ బట్ట మీద.

మైనం కరిగే పొయ్యి చుట్టూ కూర్చున్న ఆడవాళ్లెవరూ తల ఎత్తలేదు. ఎత్తితే, చుక్క పడేసిన ముర్తిని నోటికి దొరికిపోతామని వాళ్లకు తెలుసు.

"ఆ దిక్కుమాలిన బండి," అంది ముర్తిని, వీధిలో మోటారు సైకిల్ పోయిన వైపు చూస్తూ.

అలాంటి బండి మీదే కిందటి ఉపవాసాల నెలలో ఆమె మొగుడు సెమరాంగ్ పట్నం వెళ్లి, అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అప్పట్నుంచి ఏ బండి చప్పుడైనా ముందు ఆమె చెయ్యి కదులుతుంది, తర్వాత నోరు.

యజమానురాలు హర్యంతిగారు వచ్చి బట్టను వెలుతురుకు ఎత్తి చూశారు.

"అంచు మీద పడింది కాబట్టి బతికిపోయావు. మడతలో పోతుంది. ఇంకొకటి పడిందంటే మాత్రం పనికి రావద్దు ముర్తినీ."

గొంతు పెంచలేదు. ఈ లాసెం ఊళ్లో ఎవరూ పెంచరు. అందుకే భయం.

ఈ కూలి పోతే ముర్తినికీ కూతురికీ పొయ్యి వెలగదు.

మర్నాడు పొయ్యికి అవతల ఒక ముసలావిడ వచ్చి కూర్చుంది. పేరు లసియెం. "ఈ అవ్వ కొన్నాళ్లు ఇక్కడ ఉంటుంది," అని మాత్రం అన్నారు హర్యంతిగారు.

అవ్వ చిన్న గుడ్డ పీలిక మీద ఒక ఆకు గీసింది. తర్వాత తమలపాకు నములుతూ కూర్చుంది.

"ఏం అవ్వా, గీయడానికొచ్చావా, చూడ్డానికొచ్చావా?" అంది ముర్తిని.

"తినడానికొచ్చానే. ఇక్కడ చేపల పులుసు బాగుంటుందన్నారు."

ముర్తిని బొమ్మలు గీసే రాగి కలాన్ని గిన్నెలో కరిగిన మైనంలో ముంచి, దాని ముక్కులోకి గట్టిగా ఊదింది.

"మెల్లిగా ఊదవే పిల్లా. కలం ముక్కు తెరుచుకుంటే చాలు. నువ్వు పొయ్యి ఆర్పేలా ఉన్నావు."

అందరూ నవ్వారు, ముర్తిని తప్ప.

దూరంగా బండి చప్పుడు వినిపించింది.

"కలం గిన్నెలో పెట్టు," అంది అవ్వ.

"ఎందుకు?"

"ముందు పెట్టు."

పెట్టింది. బండి సందు దాటిపోయింది.

"ఇప్పుడు చెప్పు, ఎందుకు?"

"ఏముందీ. చేతిలో కలం లేకపోతే చుక్క పడదు."

ముర్తినికి ఒళ్లు మండింది. "అసలు ఈ కోపం పోయే దారేదైనా ఉంటే చెప్పు, వింటాను."

"పోదు. నాకే ఇంకా పోలేదు. అది ఉన్నంతసేపు గీయకు. తగ్గాక గీసుకో. మైనం ఎక్కడికీ పోదు."

కొన్ని పూటలు కలం గిన్నెలోనే ఉండిపోయింది. "ముర్తిని ఇవాళ మైనం ఉడకబెడుతోంది," అని తోటివాళ్లు మేలమాడారు.

రానురాను ఆమెకు ఒకటి తెలిసింది. కోపం ముందు భుజంలోకి వస్తుంది, తర్వాత మోచేతిలోకి దిగుతుంది. వేళ్లదాకా రాకముందే కలం పెట్టేయడం అలవాటు చేసుకుంది.

ఒకనాడు ఇంట్లో కూతురు అన్నం గిన్నె బోర్లించింది. ముర్తిని ముందు చేతిలోని గరిటె కింద పెట్టింది. దెబ్బ కోసం కళ్లు మూసుకున్న పిల్ల, కాసేపటికి ఒక కన్ను తెరిచి చూసింది.

అయినా పక్కావిడతో అనేది ముర్తిని: "చెప్పడానికేం, కూర్చుని తింటూ ఎవరైనా చెప్తారు."

అవ్వకు వినిపించే ఉంటుంది. ఆకు నములుతూనే ఉంది.

బట్ట మీద నెమలి తోక చివర ఒక్కటే మిగిలిన రోజున, బండి సందు దాటిపోలేదు. వాకిట్లో ఆగింది.

"ముర్తినీ, ఒక మాట," అన్నాడు మొగుడు గుమ్మం దగ్గర నిలబడి.

ముర్తిని కలం గిన్నెలో పెట్టి వెళ్లింది.

"కొడుకు పుట్టాడు. వేరేవాళ్లు చెప్పేలోపు నేనే చెబుదామని."

భుజం బిగిసింది. మోచెయ్యి బిగిసింది.

"చల్లగా ఉండనీ," అంది. ఆ రెండు మాటలకూ చాలాసేపు పట్టింది.

బావి దగ్గర ముఖం కడుక్కుంది. తుడుచుకోలేదు. తడి దానంతటది ఆరేదాకా గాలికి నిలబడింది. తర్వాత వచ్చి కూర్చుని కలం తీసింది.

అవ్వ నమలడం ఆపి ఆ వేళ్లనే చూస్తోంది.

నెమలి తోక పూర్తయింది.

మర్నాడు హర్యంతిగారు బట్టను వెలుతురుకు ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు.

"అంచు మీదది తప్ప ఇంకొక్క చుక్క లేదు," అన్నారు.

పొయ్యికి అవతల చోటు ఖాళీగా ఉంది.

"అవ్వేదీ?"

"పొద్దున బస్సుకి వెళ్లిపోయింది. పని చేయలేదుగా, కూలి వద్దంది."

"పోనీలెండి, ఆ మాత్రం నిజాయితీ ఉంది," అంది ముర్తిని నవ్వి. "ఇంతకీ ఎందుకొచ్చినట్టు?"

హర్యంతిగారు బట్ట మడుస్తూ అన్నారు: "నిన్ను మానిపించి దీన్ని ఆవిడ చేత పూర్తి చేయించాలని నేనే బతిమాలి పిలిపించాను, రోజూ సాయంత్రం అడిగేదాన్ని, రోజూ ఆవిడ 'ఆ పిల్ల చెయ్యి కుదురుకుంటోందమ్మా, రేపు చూద్దాం' అనేది."