తాబేలు దాహం

చింతతోపులో పున్నమి వచ్చిందంటే సాయంత్రం కచేరీ ఉన్నట్టే. టికెట్టు లేదు, పిలుపులు లేవు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వాయించేవాళ్లూ ఆ తోపువాళ్లే. గోరువంక పాడేది, తుమ్మెద శ్రుతి పట్టేది, వడ్రంగిపిట్ట బోలు మోడు మీద మృదంగం వాయించేది.

గోరువంక పాడినంతసేపూ ఎవరూ కదిలేవారు కాదు. అది పాట ఆపి, "ఇక నువ్వు కానివ్వు" అని వడ్రంగిపిట్టకు వదలగానే కుందేళ్లూ జింకలూ లేచి మడుగుకు నీళ్లు తాగడానికి పోయేవి.

'ఊరికే వాయించడమే కాకుండా ఉత్త నేలకు వాయించడమా? ఇదే ఆఖరు' అనుకుంది వడ్రంగిపిట్ట ఒక పున్నమికి. తన వంతు రాగానే ఎప్పటిలాగే అందరూ లేచి వెళ్లిపోయారు. మోడు ముందు ముసలి తాబేలు ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కదాని కోసం వడ్రంగిపిట్ట ప్రాణం పెట్టి వాయించింది.

ముగించి కిందికి దిగింది. "అవ్వా, నువ్వొక్కదానివే ఎప్పుడూ ఇక్కడే ఉంటావు. నా వాయిద్యమంటే అంత ఇష్టమా?"

"అబద్ధమెందుకు నాయనా! ప్రతిసారీ నేనూ వాళ్లతోపాటే లేస్తాను. నాలుగడుగులు వేసేలోపే నీది అయిపోతుంది. మళ్లీ వెనక్కి తిరుగుతాను."

వడ్రంగిపిట్ట మొహం చిన్నబోయింది. "మరి ఇవాళ కూడా అంతేనా?"

తాబేలు మడుగు వైపు తల తిప్పి చూసింది.

"లేదురా. ఇవాళ దాహం సంగతే మరిచిపోయాను."

మరుసటి పున్నమికి వడ్రంగిపిట్ట అందరికంటే ముందే వచ్చి, మోడు ముందు తాబేలు కూర్చునేచోట ఎండుటాకులు ఏరిపారేసింది.